గాడిద తోక కుంచెలు

చిత్రలేఖనం చిన్ననాడే చేతికి అబ్బవలసిన విద్య అని మనలో చాలామందికి ఒక గట్టి అభిప్రాయం. సంగీతమూ అంతే, ఈతా అంతే అంటాము. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత మన నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పదవీ విరమణ సభలలో శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండని మనం చెప్పే మాటలో సైతం ఈ సామెతే దాగి ఉన్నదేమో అని మాకొక అనుమానం. ముప్పైయేళ్లకు పైగా యంత్రాల మధ్య బతికిన మనిషి ఇక కొత్తగా ఏదీ మొదలుపెట్టడని మనం ముందే తీర్మానించుకుంటాము. మేమూ కొన్నేళ్ల క్రితం అటువంటి శాలువా ఒకటి కప్పించుకున్నవాళ్లమే. అది నేటికీ మా బీరువాలో భద్రంగా ఉన్నది, ఒక్కనాడూ భుజాన వేసుకున్న పాపాన పోలేదు.

ఈ సామెతను లెక్కచేయని ఒక మనిషిని గురించి మన పత్రిక పాఠకులతో నాలుగు మాటలు పంచుకోవాలని ఈ వ్యాసం. ఆయన పేరు జేమ్స్ డిక్సన్. ఐర్లండు దేశస్థుడు. 1887లో పుట్టి 1970లో కన్నుమూశాడు. చేపలు పట్టడం ఆయన వృత్తి. ఆయన కుంచె పట్టింది డెబ్బయ్యో పడి గుమ్మంలో నిలబడి ఉన్న రోజులలో. ఆ కుంచె కూడా అంగడిలో కొన్నది కాదు, గాడిద తోక వెంట్రుకలతో తానే కట్టుకున్నది. అటువంటి మనిషి వేసిన బొమ్మలు నేడు దేశం గర్వించే ప్రదర్శనశాలలలో గోడకెక్కి ఉన్నాయి.

ఈయన సంగతి మేము ఏ పుస్తకంలోనో చదివి తెలుసుకోలేదు. మా అమ్మాయి, అల్లుడు ఐర్లండు వాయవ్య మూలన డొనెగాల్ ప్రాంతంలో, లెటర్‌కెన్నీ అనే పట్టణంలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అమ్మాయి పురిటికని 2023 వేసవిలో మేమిద్దరం అక్కడికి వెళ్లాము. పిల్లలు విదేశాలలో ఉన్న సహోద్యోగులకు ఈ ప్రయాణాల తీరు చెప్పనక్కరలేదు. కారప్పొడి, కాయం ముక్క, పత్యపు సరుకులు, పాత నూలు చీరలు, వీటన్నిటి నడుమ ఆవకాయ సీసా మూత ఊడకుండా గమ్యం చేర్చడమే మా ప్రయాణమంతటిలోకీ ప్రధాన ఘట్టం. మనవరాలికి రెండు నెలలు నిండిన తరువాత ఒకనాడు మా అల్లుడు, “మామయ్యగారూ, ఇల్లు కదలకుండా మీకూ విసుగొచ్చి ఉంటుంది, పదండి” అని మమ్మల్నిద్దరినీ కారులో ఎక్కించుకుని గార్టన్ సరస్సు ఒడ్డున ఉన్న గ్లీబ్ హౌస్‌కు తీసుకెళ్లాడు.

అది డెరెక్ హిల్ అనే ఆంగ్ల చిత్రకారుడు చాలాకాలం నివసించిన ఇల్లు. ఆయన 1916లో పుట్టి 2000లో మరణించాడు. పెద్దపెద్దవారి రూపచిత్రాలు వేయడంలో పేరుమోసిన వ్యక్తి, రోమ్ నగరంలోని బ్రిటిష్ స్కూలులో చిత్రకళా విభాగానికి అధిపతిగా కూడా పనిచేశాడు. తన ఇంటినీ, అందులోని కళాసంపదనూ 1981లో ఐరిష్ ప్రభుత్వానికి కానుకగా ఇచ్చివేశాడు. ఆ ఇంటి గోడలకు విలియం మోరిస్ రూపొందించిన లతల కాగితాలు, వాటి మీద పికాసో వంటి మహానుభావుల పనితనం. మేము యథాశక్తి తల పంకిస్తూ గదులు దాటుతున్నాము. మా శ్రీమతి మాత్రం అలవాటు కొద్దీ వంటగది ఎక్కడున్నదని చూసుకుంటూ ముందుకు నడిచింది. అలా వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఎంతకూ బయటికి రాకపోయేసరికి మేమూ వెళ్లాము.

ఆ వంటగది గోడల నిండా సముద్రమున్నది. మనం క్యాలెండర్ల మీద చూసే నీలి సముద్రం కాదు. బూడిదరంగు, నలుపు, పాచి ఆకుపచ్చ, మధ్యలో తెల్లటి విసుర్లు. కుంచె ఎటు తిరిగిందో, ఎక్కడ నొక్కిందో కంటికి స్పష్టంగా కనిపిస్తున్నది. పడవలు, ఓడలు, కొండ అంచులు, పక్షులు. ఒక బొమ్మలో ఒక పల్లె మొత్తం పైనుంచి చూసినట్లు పరుచుకుని ఉన్నది. ఆ ద్వీపంలోని పడమటి ఊరట అది. పలకల మీద అచ్చులు గుద్దినట్లు ఇళ్లు, వాటి మధ్య దారులు, చుట్టూ నీరు. ఆ బొమ్మ వేసింది జేమ్స్ డిక్సన్ అనీ, ఆయన చిత్రకళ నేర్చుకోని ఒక జాలరి అనీ అక్కడ చూపించే ఆమె చెప్పింది. “ముగ్గు వేసేవాళ్లకు మాత్రమే ఇలా పైనుంచి కనబడుతుందండీ” అన్నది మా శ్రీమతి నెమ్మదిగా. ఆ మాట మాకు ఎంత ఆలోచించినా తీసివేయదగినదిగా తోచలేదు.

ఆ ద్వీపం పేరు టోరీ. డొనెగాల్ తీరానికి దాదాపు 14 కిలోమీటర్ల దూరంలో అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్నది. పొడవు సుమారు 5 కిలోమీటర్లు, వెడల్పు ఒక కిలోమీటరు ఉంటుందేమో. గాలి ఉధృతికి చెట్టన్నది నిలవదు. జనాభా నేడు నూటయాభై లోపే. ఇంటి భాష ఐరిష్. ఒకప్పుడు పొయ్యిలోకి పీట్ మట్టి, పొలంలో బంగాళాదుంపలు, సముద్రంలో చేపలు, ఇవే వారి ఆస్తిపాస్తులు. అక్కడ డిక్సన్ పుట్టాడు, పెరిగాడు, ముసలివాడయ్యాడు. ద్వీపం వదిలి బయటికి వెళ్లిన సందర్భాలు చాలా అరుదు.

1950ల మధ్యకాలంలో డెరెక్ హిల్ బొమ్మలు వేసుకోవడానికి ఆ ద్వీపానికి వెళ్లి రావడం మొదలుపెట్టాడు. కొండ అంచున ఉన్న ఒక చిన్న గుడిసెలో ఉండేవాడు. ఒక ఆదివారం ఆయన స్టాండు నిలబెట్టుకుని ఊరి దృశ్యాన్ని చిత్రిస్తూ ఉండగా ఊరివాళ్లు చుట్టూ చేరి వినోదం చూస్తున్నారు. వారిలో నుంచి ఒక ముసలాయన కాసేపు పరకాయించి చూసి, తానైతే ఇంతకంటె బాగా వేయగలనన్నాడు. ఆయనే డిక్సన్.

ఇక్కడ కాస్త ఆగాలి. మన కార్యాలయంలోనో, కర్మాగారంలోనో బయటినుంచి ఒక నిపుణుడు వచ్చి పనిచేసి చూపిస్తుండగా, వెనక నిలబడి ఉన్న ఒక వృద్ధ కార్మికుడు ఆ మాట అంటే ఏమి జరుగుతుందో మనందరికీ తెలుసు. నవ్వుతారు. లేదా ఎవరో ఒకరు మోచేత్తో పొడిచి ఊరుకోబెడతారు. హిల్ ఆ రెండూ చేయలేదు. సరే, వేసి చూడమన్నాడు. రంగులూ, కాగితాలూ, కుంచెలూ పంపిస్తానన్నాడు. డిక్సన్ రంగులకూ కాగితాలకూ ఒప్పుకున్నాడు కాని కుంచెలు మాత్రం అక్కరలేదన్నాడు. తన గాడిద తోక వెంట్రుకలతో తానే తయారుచేసుకుంటానన్నాడు.

ఈ కథ చెప్పేవాళ్లంతా గాడిద తోక దగ్గర చిరునవ్వు నవ్వుతారు. పల్లెటూరి ముసలివాడి మొండితనం అన్నట్లు ధ్వనిస్తుంది వారి మాట. మెయింటెనెన్స్ విభాగంలో జీవితం గడిపిన మాకు మాత్రం అందులో నవ్వవలసినదేమీ కనబడలేదు. మంచి ఫిట్టరు స్టోర్సు నుంచి వచ్చిన స్క్రేపరును ఉన్నదున్నట్లు వాడడు. తన చేతికి తగినట్లు సానపెట్టుకుంటాడు. పాత ఆకురాయిని పారేయకుండా అరగదీసి తనకు కావలసిన పనిముట్టుగా మలచుకుంటాడు. దాన్ని ఇంకొకరికి అరువివ్వడు. టర్నరు తన టూల్ బిట్టు ఇంకొకరిని గ్రైండు చేయనిస్తాడా? చేపలవాడి సంగతీ అంతే. వల తానే అల్లుకుంటాడు, చిరిగితే తానే కుట్టుకుంటాడు, పడవకు తారు తానే పూసుకుంటాడు. అటువంటి మనిషి డెబ్బయ్యో ఏట ఒక కొత్త పనిలో దిగుతూ, ఆ పనిముట్టు కూడా నా చేతి నుంచే రావాలి అనుకోవడం సహజం. రంగు తాను తయారుచేయలేడు కనుక తీసుకున్నాడు. కుంచె చేయగలడు కనుక వద్దన్నాడు. లెక్క చాలా సూటిగా ఉన్నది.

అక్కడి నుంచి చనిపోయేదాకా, ఇంచుమించు పదిహేను సంవత్సరాలు, డిక్సన్ బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. వేసినవన్నీ తానెరిగినవే. తుఫానులో చిక్కిన ఓడ, గుంపుగా సముద్రం మీదికి దూకే పక్షులు, ద్వీపపు ఉత్తరాన నిలువునా తెగిపడిన కొండలు, ఊళ్లు. బొమ్మ మీదనే అది ఏమిటో, ఏ తేదీన వేశాడో, వేసింది జేమ్స్ డిక్సన్ అనో తన చేతిరాతతో రాసేవాడు. మన లాగ్‌బుక్‌లో షిఫ్టు మార్చేటప్పుడు రాసి సంతకం పెట్టినట్లుంటుంది ఆ రాత. ఎవరైనా ఆయన బొమ్మల్లో దూరం దగ్గర అన్న పట్టింపు లేదని, పర్‌స్పెక్టివ్ తప్పిందని అంటే అది నిజమే. ఒక ఇల్లు ఎదురుగా కనిపిస్తుంది, దాని పక్కది పైనుంచి కనిపిస్తుంది, పడవ పక్కకు తిరిగి ఉంటుంది. ఒకచోట నిలబడి చూసేవాడికి అలా కనబడదు. కాని డెబ్బై ఏళ్లు ఆ ద్వీపాన్ని అన్ని వైపులనుంచీ తిరిగినవాడికి, పడవలోనుంచీ కొండమీదనుంచీ చూసినవాడికి, అన్నీ ఒక్కసారిగానే గుర్తుకు వస్తాయి. ఆయన కంటికి కనిపించేదాన్ని కాక తనకు తెలిసినదాన్ని వేశాడని మా అభిప్రాయం. హిల్ వేసిన టోరీ చిత్రాలు కూడా ఆ ఇంటిలో చూశాము. ఎంతో నేర్పుగల పని, ఆకాశపు వెలుతురును పట్టుకోవడంలో ఆయన అందెవేసిన చేయి. అయినా ఆ ముసలాయన అన్నమాట తప్పని ధైర్యంగా చెప్పలేము.

ఈ కథలో మాకు అన్నిటికంటె నచ్చినది ఇంకొకటి ఉన్నది. హిల్ ఆయనకు పాఠాలు చెప్పలేదు. రోమ్‌లో విద్యార్థులకు మార్గం చూపిన మనిషి, తలచుకుంటే నాలుగు ఆదివారాల్లో నీడ ఎలా వేయాలో, దూరం ఎలా చూపాలో నేర్పి ఉండగలడు. అలా నేర్పి ఉంటే డిక్సన్ నిస్సందేహంగా హిల్ కంటె తక్కువ స్థాయి చిత్రకారుడు ఒకడై ఉండేవాడు. సామగ్రి ఇచ్చి, ఆదరించి, బయటివారికి చూపించి, మిగిలినదాని జోలికి పోకుండా ఉండడం తెలిసిన మనిషి హిల్. పెద్దల్ని చూడగానే సలహా ఇవ్వాలని నోరు దురద పెట్టే మనబోటివారికి ఇది చిన్న విషయం కాదు. అయితే హిల్ డిక్సన్‌ను కనిపెట్టాడని రాసేవాళ్లతో మాకు కొంచెం పేచీ ఉన్నది. మొదట మాట్లాడినవాడు డిక్సన్. హిల్ చేసిన గొప్ప పని ఆ మాటను విన్నట్లు విని ఊరుకోకపోవడం.

అందరు జాలరులకూ అటువంటి వినేవాడు దొరకడు, దొరికినా కథ అంత సుఖంగా ముగియదు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరాన సెయింట్ ఐవ్స్ అనే ఊరిలో ఆల్ఫ్రెడ్ వాలిస్ అనే ఆయన ఉండేవాడు. 1855లో పుట్టాడు. సముద్రం మీద చేపల వేట, ఆ తరువాత ఒడ్డున ఓడల పాత సామాన్ల వ్యాపారం. 1922లో భార్య పోయింది. తోడు కోసమని డెబ్బై ఏళ్ల వయసులో బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. పచారీ కొట్టువాళ్లు పారేసిన అట్టముక్కలు, పడవలకు వేయగా మిగిలిన రంగు, అవే ఆయన సామగ్రి. అట్ట ఏ ఆకారంలో చిరిగి ఉంటే ఆ ఆకారంలోనే ఓడను నడిపించేవాడు. 1928లో బెన్ నికల్సన్, క్రిస్టఫర్ వుడ్ అనే ఇద్దరు యువ చిత్రకారులు దారిన పోతూ తెరిచిన తలుపులోనుంచి ఆ బొమ్మలు చూసి నిర్ఘాంతపోయారు. వారిద్దరి పనిలోనూ వాలిస్ ప్రభావం ఉన్నదని విమర్శకులు అంటారు. ఇంత జరిగినా ఆ వృద్ధుడు 1942లో మాడ్రన్ అనే చోట దిక్కులేనివారి ఆశ్రమంలో చనిపోయాడు. మిత్రులు పూనుకుని సమాధి ఏర్పాటు చేశారు, దాని మీది పలకలు బెర్నార్డ్ లీచ్ అనే ప్రసిద్ధ కుమ్మరి కళాకారుడు చేసినవి. 1999లో డబ్లిన్‌లోని ఐరిష్ ఆధునిక కళా ప్రదర్శనశాలలో వాలిస్, డిక్సన్‌ల బొమ్మలు పక్కపక్కన పెట్టి ప్రదర్శించారు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు ముసలి జాలరులు!

మన దేశంలో రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా రాతప్రతుల్లో కొట్టివేతలను బొమ్మలుగా మారుస్తూ మారుస్తూ అరవై దాటాక చిత్రకారుడైనాడు, 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన జరిగేనాటికి ఆయనకు దాదాపు 69 ఏళ్లు. కాని ఆయన విశ్వకవి, ఆయన గీసిన గీతను చూడడానికి లోకం సిద్ధంగా ఉన్నది. ఆ ఉదాహరణ చెప్పి మనకు మనం ధైర్యం చెప్పుకోవడం అంత సబబు కాదు.

గ్లీబ్ హౌస్ చూసి వచ్చాక టోరీ ద్వీపం చూడాలని మాకు పట్టుదల కలిగింది. మరుసటి వారం మహెరోర్టి అనే రేవుకు వెళ్లాము. పడవ బయలుదేరదన్నారు, సముద్రం బాగా లేదట. మా కళ్లకు ఎండ కాస్తూనే ఉన్నది. గాలి మాత్రం మనిషిని నిలబడనీయడం లేదు. ద్వీపం దూరాన ఒక నల్లటి గీతలా కనిపించింది. రేవులో ఉన్న ద్వీపవాసి ఒకామె కొన్న సరుకుల సంచుల మీద కూర్చుని, రేపు వెళ్తానని ఏమాత్రం విసుగు లేకుండా చెప్పింది. 1974లో అక్కడివాళ్లు ఒక తుఫాను వల్ల దాదాపు ఎనిమిది వారాలు బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఉండిపోయారు. ఆ తరువాత ద్వీపాన్ని ఖాళీ చేయించి అందరినీ తీరానికి తరలించాలన్న ఆలోచన ప్రభుత్వానికి కలిగింది. కొన్ని కుటుంబాలు వెళ్లాయి. మిగిలినవారు కదలమన్నారు.

ఆ కదలనివారిలో బొమ్మలు వేసేవాళ్లు కూడా ఉన్నారు. డిక్సన్‌ను చూసి ఆయన సోదరుడు జాన్, మరికొందరు ద్వీపవాసులు కుంచెలు పట్టారు. టోరీ చిత్రకారులని వారికి ఒక పేరే ఏర్పడింది. వారిలో ఒకరు పాట్సీ డాన్ రోజర్స్. ఊరివారు ఎన్నుకున్న టోరీ రాజు ఆయన. అది పాతకాలపు ఆచారం, అధికారమేమీ లేని పదవి. రేవుకు వచ్చిన ప్రతి పడవ దగ్గరికీ తానే వెళ్లి అతిథులకు స్వాగతం చెప్పేవాడు. 2018లో మరణించాడు. డిక్సన్ పేరుతో ద్వీపంలో ఒక చిత్రశాల కూడా ఉన్నది. మేము చూడలేదు. మూడవసారి రేవుకు వెళ్లేలోగా మా తిరుగు ప్రయాణపు రోజు వచ్చింది.

మా కాలనీలో, మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక పెద్దాయన ఉన్నాడు. మేము బాబాయిగారూ అని పిలుస్తాము. స్టీల్ మెల్టింగ్ షాపులో ముప్పై మూడేళ్లు లాడిల్ క్రేను నడిపినవాడు. క్వార్టరు ఖాళీ చేసి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. 2021లో పిన్నిగారు పోయినప్పటినుంచి ఆయన మాట తగ్గిపోయింది. పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుంటాడు, మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంటాడు. కొడుకు దూరదేశంలో లేడు, పక్క గదిలోనే ఉన్నాడు. అయినా అంతే. ఏమైనా ఆరోగ్యం బాగాలేదా అని వైద్యులకు చూపించారు, ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోవడమే జబ్బు అని వైద్యులు రాయరు కదా.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆయన కొత్తగా చేరిన కుర్రాళ్లను ముందు క్యాంటీన్ వెనకకు తీసుకెళ్లేవాడు. సుద్దముక్కతో నేల మీద బే మొత్తం గీసి, లాడిల్ ఎటునుంచి ఎటు వెళ్తుందో, ఎవరు ఎక్కడ నిలబడకూడదో చూపించేవాడు. ఆ గీత పైనుంచి చూసినట్లుండేది. ఆయన చూసేదే అలా. ఆ చిన్న క్యాబిన్‌లో కూర్చుని, కరిగిన ఉక్కు నిండిన లాడిల్‌ను కిందివాళ్ల తలల మీదుగా దాటించిన మనిషికి మనుషుల ముఖాల కన్నా హెల్మెట్లే ఎక్కువ గుర్తు. గ్లీబ్ హౌస్ వంటగదిలో ఆ పడమటి ఊరి బొమ్మ ముందు నిలబడినప్పుడు మాకు గుర్తుకు వచ్చింది ఆ సుద్దగీతలే.

తిరిగి వచ్చాక మేము ఒక డజను మందపాటి కాగితాలు, ఒక రంగుల పెట్టె కొన్నాము. ఎవరైనా డ్రాయింగ్ మాస్టారును మాట్లాడదామా అని వాళ్లబ్బాయి ఉత్సాహపడ్డాడు. “వద్దు బాబూ, ఎవరూ ఏమీ చెప్పవద్దు” అన్నది మా శ్రీమతి. డిక్సన్ కథ మేము బాబాయిగారికి చెప్పాము. గాడిద తోక దగ్గర ఆయన నవ్వలేదు. “ఆ జుట్టు బిరుసుగా ఉంటుంది, నీళ్లు నిలవదు. నూనెరంగైతే పనికొస్తుంది” అన్నాడు. కాగితాలు తీసుకుని మంచం కింద పెట్టాడు. రెండు నెలలు అవి అక్కడే ఉన్నాయి. మేము అడగలేదు. అడగకుండా ఉండడానికి మాకు చాలా కష్టమైంది, మా శ్రీమతికి ఇంకా ఎక్కువ.

సంక్రాంతి దాటిన వారంలో ఆయన తానే మా ఇంటికి వచ్చాడు. చుట్టిన కాగితం ఒకటి చేతిలో ఉన్నది. బల్ల మీద పరిచాడు. షాపు మొత్తం ఉన్నది అందులో. కన్వర్టర్లు, బే చివరి వరకూ పట్టాలు, స్లాగ్ పాత్రలు, మధ్యలో ఎర్రగా ఒక్క లాడిల్. మనుషులంటే పసుపుపచ్చని చుక్కలు. ప్రతి చుక్క పక్కనా చిన్న అక్షరాలతో ఒక పేరు. చాలా పేర్లు మాకు తెలుసు. వాటిలో ఏడుగురు ఇప్పుడు లేరు. ఒకడు సర్వీసులో ఉండగానే పోయాడు. అతని పక్కన ఎప్పుడూ ఉండే సిగ్నల్‌మన్ చేయి పైకెత్తి ఉన్నది. పైన ఎడమవైపు షిఫ్టు పేరు, కింద తేదీ.

మేము పేర్లన్నీ చదువుకున్నాక, “ఇందులో మీరెక్కడ బాబాయిగారూ?” అని అడిగింది మా శ్రీమతి.

“నేను పైన ఉన్నాను కదమ్మా, ఎలా కనపడతాను?” అన్నాడు.

కాఫీ తాగాడు. ఒక గంటసేపు ఆ పసుపు చుక్కల గురించే మాట్లాడాడు. ఎవరు ఎక్కడ నిలబడేవారు, ఎవరికి ఎంత కోపం, నైట్ షిఫ్టులో ఎవరు ఏ పాట ఎత్తుకునేవారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, పొగ వేయడానికి నలుపు బాగా పట్టిందనీ, పెట్టెలో ఆ ఒక్క రంగూ అయిపోయిందనీ, ఈసారి బజారుకు వెళ్తే నలుపు రెండు తెమ్మనీ చెప్పాడు. తెల్లారాక వెళ్లి మూడు తెచ్చాము.